గీత మీద గవర్నరు గారు

లింగావన్ ప్రొవిన్స్ చరిత్రలో సర్జన్ల చేతులు కొలిపించిన మొట్టమొదటి గవర్నరు వెనాన్సియో సలుదారెస్ గారే. అంతకు ముందరి గవర్నర్లు రోడ్లు కొలిపించారు, పొలాలు కొలిపించారు. ఒకాయన, అంటే ఈయన నాన్నగారే, సముద్రాన్ని కూడా కొంత మేర కొలిపించి చేపలకు కంచె వేయించుకున్నారు. చేతులు కొలవాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ తట్టలేదు.

"ఇవాళ్టి నుంచి మన హాస్పిటల్లో మంచి సర్జను, చెడ్డ సర్జను అనే మాటలుండవు. అంకెలే ఉంటాయి!" అని తన ఆఫీసున్న కాపిటల్ భవనం మెట్ల మీద నిలబడి ప్రకటించారు గవర్నరు గారు. "కడుపు బారుగా కోయకుండా, చిన్న చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్లలో ఎవరి చేతికి ఎంత నేర్పుందో ఆబ్జెక్టివ్‌గా తేలుస్తాం. సిఫార్సులు చెల్లవు. ముఖం చూసి మార్కులేసే రోజులు పోయాయి!"

ఆయన వెనక బ్యానరు మీద ఆయన ముఖమే, రెండంతస్తుల ఎత్తున, బొటనవేలు పైకెత్తి నవ్వుతోంది. ఎదురుగా ఉద్యోగులందరూ ఆయన ముఖం అచ్చేసిన నారింజరంగు బనియన్లు తొడుక్కుని చప్పట్లు కొట్టారు.

మైకు పక్కన నిలబడిన ఒక్క మనిషి మాత్రం ఎడమ చేత్తో తొడ మీద కొట్టుకుంటూ చప్పట్లు కానిచ్చాడు. కుడి చెయ్యి పక్కటెముకల కింద అదిమిపెట్టుకుని ఉంది. ఆయన అనిసెటో మగ్‌పంతాయ్, అందరికీ సెటో, గవర్నరు గారి పర్సనల్ సెక్రటరీ. ఆ ఉపన్యాసం రాసింది ఆయనే. ఆ మాటకొస్తే ఆ పథకం కూడా ఆయనదే. ఇంకా లోపలికి వెళ్ళి చెప్పాలంటే, ఆ పథకం ఆయన పిత్తాశయానిది.

సెటో పిత్తాశయంలో రాళ్ళున్నాయి. కొవ్వు తిన్నప్పుడల్లా కుడిపక్క మెలిపెట్టినట్టు నొప్పి. గవర్నరు గారి దగ్గర ఉద్యోగమంటే రోజూ ఏదో ఒక ప్రారంభోత్సవం, ప్రారంభోత్సవమంటే నిలువునా కాల్చిన పంది. తీయించేయాలన్నారు డాక్టర్లు. తీసే సర్జన్లు హాస్పిటల్లో ఏడుగురున్నారు. ఎవరి చేతిలో కడుపు పెట్టాలన్నదే ఆయనకు తెగలేదు.

తెలుసుకోవాలని ప్రయత్నించకపోలేదు. "ఫలానా డాక్టరు చెయ్యి ఎలాంటిది?" అని అడిగితే, "ఓహో, ఆయనా? మేయరు గారు ఆయన పెళ్ళికి నినోంగ్ కదా!" అనేవారు. లింగావన్లో ఎవరి సంగతి అడిగినా వచ్చే జవాబు అదే. నామకరణం నాడు ఒక జ్ఞానతండ్రి, పెళ్ళి నాడు మరో డజను మంది, వీళ్ళే నినోంగులు. ఉద్యోగం, బదిలీ, హాస్పిటల్లో మంచం, అన్నీ వీళ్ళ చేతుల మీదుగా రావలసిందే. ఏ సర్జనుకు ఏ నినోంగ్ ఉన్నాడో ఊళ్ళో చేపలమ్మే ఆవిడ కూడా తడుముకోకుండా చెప్పగలదు. ఎవరి కత్తెర ఎటు పోతుందో మాత్రం ఒక్కరికీ తెలియదు.

అందుకే సెటో ఒకరోజు, గవర్నరు గారు అద్దం ముందు తల దువ్వించుకుంటుండగా, మెల్లగా చెవిన వేశాడు. "గవ్, సర్జన్లకి పరీక్ష పెట్టాలని పక్క ప్రొవిన్స్ గవర్నరు ఆలోచిస్తున్నాడట."

"ఆలోచన అతనిదా?" అన్నారు గవర్నరు గారు, దువ్వెన ఆపించి.

"అతను ఇంకా ప్రకటించలేదు గవ్."

"అయితే నాదే."

ఇంటికెళ్ళి ఈ మాట చెబితే భార్య పురింగ్ ముక్కున వేలేసుకుంది. ఆవిడ ఇంటి ముందర చిల్లర కొట్టు నడుపుతుంది, మాట దాచుకోవడం తెలియదు. "నీ ఒక్కడి కడుపు నొప్పికి ప్రొవిన్స్ అంతా పరీక్ష రాయాలటయ్యా? సిగ్గు లేకపోతే సరి!"

"రాయనీ. ఎవడు ఫస్టొస్తే వాడి చేతిలో పెడతాను. కడుపులో చల్ల కదలకుండా బతకొచ్చు."

"చల్ల కాదు, రాళ్ళు," అంది పురింగ్.

* * *

పరీక్ష ఎలా పెట్టాలో చెప్పడానికి మనీలా నుంచి ప్రొఫెసర్ ఉబాల్దో గారిని పిలిపించారు. సన్నటి మనిషి, మెడ చుట్టూ టేపు, మాట మాటకీ 'ప్రామాణికంగా' అంటారు. ఆయనొక పెట్టె తెచ్చి గవర్నరు గారి బల్ల మీద పెట్టారు. దాని పైన రంధ్రాలు, లోపల కెమెరా. సర్జను ఆ రంధ్రాల్లోంచి పొడుగాటి పనిముట్లు దూర్చి, లోపలికి చూడకుండా, ఎదురుగా టీవీలో చూస్తూ పని చేయాలి. అక్కడ చెయ్యి కుడికి కదిపితే తెరమీద ఎడమకి పోతుంది. తెలియనివాడికి చెమటలు పడతాయి.

"మూడు పరీక్షలు," అన్నారు ప్రొఫెసరు. "ఒకటి, గింజల్ని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చడం. రెండు, గాజుగుడ్డ మీద గీసిన వృత్తాన్ని సరిగ్గా గీత మీదే కత్తిరించడం. గీత దాటిన ప్రతి మిల్లీమీటరుకీ మార్కులు పోతాయి. మూడు, ప్రతి సర్జనూ నిజంగా చేసిన ఆపరేషను వీడియో చూసి మార్కులేయడం. ఆ వీడియోలో పేరుండదు, ముఖముండదు. కడుపు లోపలి భాగం తప్ప ఏమీ కనబడదు. చూసేవాడికి అది ఎవరి చెయ్యో తెలియదు."

సెటోకి నెత్తిన పాలు పోసినట్టయింది. ఇన్నాళ్ళకి లింగావన్లో ఒక మనిషిని నినోంగ్ లేకుండా చూసే వీలు దొరికింది.

గవర్నరు గారు మాత్రం ఆలోచనలో పడ్డారు. "ముఖముండదా?"

"ఎవరి ముఖమూ ఉండదు గవ్."

"నాది కూడానా?"

ప్రొఫెసరు సెటో వంక చూశారు. సెటో కిటికీలోంచి బయటికి చూశాడు.

"చూడండి ప్రొఫెసర్, ఇది ప్రజల డబ్బు," అన్నారు గవర్నరు గారు బాధగా. "మన వంతెన మీద నా ముఖముంది. శవాల బండి మీద నా ముఖముంది. వరదల్లో పంచిన బియ్యం సంచుల మీద నా ముఖముంది. ఇంత పెద్ద పరీక్ష పెడితే, ఇది చేసిందెవరో ప్రజలకి తెలియొద్దా? పారదర్శకత అంటే అదే కదా?"

కాసేపు తర్జనభర్జన జరిగాక, గాజుగుడ్డ మీద వృత్తం మధ్యలో గవర్నరు గారి ముఖం అచ్చేయించాలని తేలింది. గీత చుట్టూ ఉంటుంది కనక ముఖానికేమీ ఇబ్బంది లేదని ప్రొఫెసరు ప్రామాణికంగా హామీ ఇచ్చారు.

మార్కులేసేవారికి సర్జన్లతో రక్తసంబంధం ఉండకూడదని ఇంకో నిబంధన. ప్రొఫెసరు గారికి లింగావన్లో పురుగు కూడా బంధువు కాదు. అంతకంటే నిష్పాక్షికుడు దొరకడని గవర్నరు గారు పొంగిపోయి, ఆ ఆదివారమే ఆయన్ని చర్చికి, ఆపైన భోజనానికి పిలిచారు. అక్కడ గవర్నరు గారి అల్లుడు, డాక్టర్ జెరిక్ తుయాసన్, ఏడుగురు సర్జన్లలో ఒకడు, నెలల పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. ఆ రోజు పిల్లాడికి బాప్తిస్మం. ప్రొఫెసరు గారి చేతిలో ఎవరో కొవ్వొత్తి పెట్టారు. ఫాదర్ ఏదో అడిగారు, పక్కవాళ్ళు 'ఊఁ అనండి' అన్నారు, ఈయన ఊఁ అన్నారు. తిరిగి చూసుకునేసరికి ప్రొఫెసరు గారు ఆ పిల్లాడికి జ్ఞానతండ్రి, జెరిక్‌కి బావగారి వరస.

"రక్తసంబంధం కాదు కదా," అన్నారు గవర్నరు గారు, ఆయన భుజం తట్టి. "నిబంధనకేమీ భంగం లేదు."

* * *

సర్జన్ల వీడియోలకు పేర్లు తీసేసి, ఒకటి నుంచి ఏడు దాకా అంకెలేశారు. ఆ సాయంత్రమే సెటోకి ఫోన్లు మొదలయ్యాయి. ముందుగా మేయరు గారు.

"సెటో, నా జ్ఞానకొడుకుది మూడో నంబరు. కాస్త చూసుకో."

"సర్, అది ఎవరిదో ఎవరికీ తెలియకూడదు సర్. పేర్లు దాచాం."

"దాచారనే కదయ్యా ఫోన్ చేస్తున్నా! దాచకపోతే వాళ్ళకే తెలిసేది. నాకీ శ్రమ ఎందుకు?"

తర్వాత బిషప్ గారి కార్యదర్శి. తర్వాత బస్సుల యజమాని. గవర్నరు గారి శ్రీమతి, మనీలా చట్టసభ సభ్యురాలు, ఆవిడే స్వయంగా చేశారు. ఇలా ఆరు నంబర్లకి ఆరు ఫోన్లొచ్చాయి. ఏడో నంబరు కోసం ఎవరూ చేయలేదు. సెటో పొద్దుపోయేదాకా ఫోన్ పట్టుకు కూర్చున్నాడు. ఆ మనిషి కోసం ఒక్కరైనా సిఫార్సు చేస్తే బాగుండునని ఆయన మనసు పీకింది. ఎంతైనా తనూ లింగావన్ మనిషే కదా.

ఏడో నంబరు డాక్టర్ సోలెదాద్ అమిహాన్. ఆమె పెళ్ళికి నినోంగులుగా నిలబడింది చదువు చెప్పిన పంతులమ్మ, పడవ ఇంజన్లు బాగుచేసే ముసలాయన. ఇద్దరి దగ్గరా ఫోన్ చేసే స్థాయి నంబర్లు లేవు.

* * *

పరీక్ష నాడు టౌన్ బాస్కెట్‌బాల్ కోర్టు కిటకిటలాడింది. మధ్యలో బల్ల, దాని మీద పెట్టె, పైన సినిమా తెరంత టీవీ. ఒక పక్క బ్యాండు, ఇంకో పక్క నిలువునా కాల్చిన పందులు. సెటో వాటి వంక చూడకుండా కూర్చున్నాడు.

మొదటి పరీక్షకు గింజలుగా వెల్లుల్లి వేసి వేయించిన వేరుశనగలు పెట్టారు. పరీక్ష మొదలయ్యేలోపు ముఖ్య అతిథులు సగం తినేయడంతో లెక్క కుదరలేదు. అందరికీ సమానంగా మార్కులిచ్చేసి రెండో పరీక్షకు వెళ్ళారు.

అప్పుడు బయటపడింది అసలు చిక్కు. ప్రెస్సువాడు గవర్నరు గారి మీది అభిమానం కొద్దీ ముఖాన్ని కాస్త పెద్దగా అచ్చేశాడు. వృత్తం గీత ముఖం చుట్టూ పోవాల్సింది పోయి, సరిగ్గా నుదుటి మీదుగా, జుట్టుకి అడ్డంగా పోయి, కింద గడ్డాన్ని తాకి తిరిగొచ్చింది. తెర మీద గవర్నరు గారు నవ్వుతున్నారు. ఆ నవ్వు చుట్టూ గీత.

కోర్టంతా గుసగుసలు పోయాయి. ఇక్కడొక చిన్న విషయం చెప్పాలి. గవర్నరు గారి జుట్టు గురించి లింగావన్లో ఎవరూ మాట్లాడరు. అది గాలికి కదలదు, వానకి తడవదు, ఏళ్ళు గడిచినా నెరవదు. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు, తెలిసినా తెలియదు.

మొదట వచ్చిన సర్జను పెట్టెలోకి కత్తెర దూర్చి, తెర మీద గవర్నరు గారి నుదురు కనబడగానే బిగుసుకుపోయాడు. తర్వాత కత్తెరను మెల్లగా పక్కకు తెచ్చి, గీతకు జానెడు దూరంలో గుడ్డ అంచు మీద రెండు కోతలు కోసి, తలవంచి నమస్కరించి వచ్చేశాడు. చప్పట్లు మోగాయి. రెండో సర్జను అంచు కూడా కోయలేదు, నాలుగు దారాలు లాగి ఊరుకున్నాడు. మూడోవాడు, మేయరు గారి మనిషి, కత్తెర మూసి దాని మొనతో గవర్నరు గారి చెంప మీద దుమ్ము దులిపాడు. తర్వాత ఇద్దరు దాన్నే అనుసరించారు.

డాక్టర్ జెరిక్ అయితే కత్తెర పెట్టెలో పెట్టనే లేదు. గుండె మీద చెయ్యేసుకుని, "పాపా ముఖం మీద నా చెయ్యి లేవదు," అన్నాడు మామగారి వంక చూసి. జనం లేచి నిలబడ్డారు. గవర్నరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ప్రామాణికంగా చూస్తే, గీత లోపలికి వెళ్ళలేదు. నష్టం శూన్యం," అని ప్రొఫెసర్ ఉబాల్దో కాగితం మీద పూర్తి మార్కులేశారు.

చివర్న డాక్టర్ సోలెదాద్ వచ్చింది. పొట్టి మనిషి, పాదాల కింద పీట వేయించుకుంది. ఎవరి వంకా చూడలేదు. పనిముట్లు దూర్చింది, తెర వంక చూసింది, గీత ఎక్కడ మొదలవుతుందో చూసింది, కోయడం మొదలెట్టింది. ఎడమ చేతిలోని పట్టుకారు గుడ్డను తిప్పుతూ ఉంటే కుడి చేతిలోని కత్తెర నీళ్ళలో చేపలా సాగిపోయింది. ఒక్కసారి కూడా ఆగలేదు, వెనక్కి తిరగలేదు. గవర్నరు గారి జుట్టు నుదుటి దగ్గర విడివడి, తెరంతా పరుచుకుని, మెల్లగా మడతపడి కింద పడింది. తర్వాత గడ్డం చివర. ఇక మిగిలింది గీత మీద నున్నగా తెగిన గుండ్రటి ముఖం, బోడిగా, ఇంకా నవ్వుతూ.

బ్యాండువాళ్ళు వాయించబోయి ఆగిపోయారు. ఎక్కడో చిన్నపిల్ల కిలకిలమంటే తల్లి నోరు నొక్కింది. గవర్నరు గారి కుడి చెయ్యి ఆయనకు తెలియకుండానే తల మీదికి వెళ్ళి, ఉన్నదని చూసుకుని వచ్చింది.

ప్రొఫెసర్ ఉబాల్దో టేపుతో గుడ్డముక్కను కొలిచారు. మళ్ళీ కొలిచారు. పక్కన జెరిక్ భార్య ఒళ్ళో ఆయన జ్ఞానకొడుకు ఆయన్నే చూస్తున్నాడు.

సెటో మాత్రం గుడ్లప్పగించి తెరనే చూస్తుండిపోయాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గవర్నరు గారి కోసం కాదు. తన పిత్తాశయాన్ని ఎవరు తీయాలో ఆయనకు తెలిసిపోయింది.

* * *

వీడియోల మార్కులు కూడా కలిపి ర్యాంకులు ప్రకటించారు. గవర్నరు గారి అల్లుడు ఫస్టు. శ్రీమతి గారి జ్ఞానకొడుకు సెకండు. ఆ తర్వాత బిషప్ గారి మనిషి, మేయరు గారి మనిషి, బస్సుల యజమాని మనిషి. ఇలా ఆబ్జెక్టివ్‌గా తేలిన వరసకీ, కాపిటల్లో విందుకి కుర్చీలు వేసే వరసకీ వెంట్రుకవాసి తేడా లేకపోవడం చూసి సైన్సు మీద జనానికి నమ్మకం పెరిగింది. డాక్టర్ సోలెదాద్ ఏడు. 'శరీరభాగాల పట్ల గౌరవం' అనే అంశంలో ఆమెకు సున్నా వచ్చింది.

"ఏడో ర్యాంకు వాళ్ళ చేతుల్లో నా ప్రజల కడుపులు పెట్టను," అన్నారు గవర్నరు గారు. "ఆమెను బాత్యావ్ దీవికి వెయ్యి. పిల్లలకి టీకాలేసుకుంటుంది. ఆర్డరు టైపు చెయ్యి సెటో."

సెటో గుండెల్లో రాయి పడింది. కడుపులోవి ఎలాగూ ఉన్నాయి. "గవ్, కొన్నాళ్ళు ఆగితే..."

"ఎందుకు?"

"ఊరికే గవ్. వర్షాలు కదా. సముద్రం బాగాలేదు."

గవర్నరు గారు కళ్ళు చిన్నవి చేశారు. "ఆమె నీకేమైనా జ్ఞానకూతురా?"

"అబ్బే, లేదు గవ్!"

"మరి నీకేమిటి నష్టం?"

నష్టం ఏమిటో చెప్పాలంటే నంబర్ వన్ మీద నమ్మకం లేదని చెప్పాలి. సెటో వెళ్ళి ఆర్డరు టైపు చేశాడు. 'తక్షణం' అన్న మాట గవర్నరు గారికి ఇష్టం కనక అది కూడా పెట్టాడు.

రేవులో పడవ ఎక్కుతున్న సోలెదాద్‌ను చూడ్డానికి వెళ్ళాడు. ఆమె చేతిలో ఒక సంచి, టీకాల ఐసుపెట్టె.

"సెటో అన్నా, గీత మీదే కోశాను కదా?"

"గీత మీదే కోశావు తల్లీ. అక్కడే వచ్చింది తంటా."

"మరి గీత మీద కోయమని కదా చెప్పారు?"

"చెప్పారు. చెప్పినవన్నీ చేస్తారటమ్మా ఎవరైనా?"

ఆమె నవ్వేసింది. తర్వాత ఆయన చెయ్యి ఎక్కడుందో చూసి నవ్వు ఆపింది. "ఆ కుడిపక్క నొప్పి ఎన్నాళ్ళ నుంచి? నాన్చకండి, మంచిది కాదు."

"నువ్వు చేస్తావా?"

"దీవిలోనా? అక్కడున్నది ఒక్క ఫ్రిజ్. అందులో కూడా సగం చేపలేనట." పడవ కదిలింది. "నంబర్ వన్ ఉన్నాడుగా అన్నా!" అని అరిచింది. ఆమె ఎగతాళి చేసిందో, ధైర్యం చెప్పిందో ఇంజను మోతలో తెలియలేదు.

* * *

నంబర్ వన్ సన్మాన సభ మధ్యాహ్నం పూట పెట్టారు. గవర్నరు గారు స్వయంగా పంది చర్మం ముక్క విరిచి, "తిను సెటో, ఇదంతా నీ కష్టమే," అని నోటికి అందించారు. గవర్నరు గారి చేతి ముక్క ఉమ్మేసినవాడు లింగావన్లో లేడు. సెటో మింగాడు. అరగంట తిరక్కుండా కుర్చీలోంచి జారి, వేదిక మీద మెలికలు తిరిగాడు.

"నా మనిషికి సామాన్యుడు కత్తి పెట్టడానికి వీల్లేదు!" అని గవర్నరు గారు మైకులోనే ప్రకటించారు. "నంబర్ వన్ చేస్తాడు. లైవ్ పెట్టండి! ప్రొవిన్స్ అంతా చూడాలి!"

"మనీలా... గవ్... మనీలా పంపండి," అని మూలిగాడు సెటో.

"మనీలా ఎందుకోయ్? జనం ఏమనుకుంటారు? నా ర్యాంకుల మీద నా సెక్రటరీకే నమ్మకం లేదనుకోరూ?"

అంబులెన్సులో పురింగ్ మొగుడి చెయ్యి పట్టుకుని గొల్లుమంది. "ఆ అల్లుడి చేతిలో పెడతారటయ్యా నిన్ను! గుడ్డముక్క కూడా కోయలేకపోయాడు వాడు!"

"కోయలేక కాదే," అన్నాడు సెటో పళ్ళ బిగువున. "దాని మీద గవర్నరు ముఖం ఉందని కోయలేదు."

పురింగ్ ఏడుపు ఆగింది. సెటో మూలుగు కూడా ఆగింది. ఆక్సిజన్ సిలిండరు ఉండాల్సిన చోట ఎన్నికల స్టిక్కర్ల కట్టలు పేర్చి ఉన్నాయి. ఇద్దరూ వాటి వంక చూశారు. పురింగ్ కళ్ళు తుడుచుకుని, పెద్ద సైజు కట్ట విప్పింది.

* * *

ఆపరేషన్ థియేటర్లో నర్సు దుప్పటి తీసి, సిలువ గుర్తు వేసుకుని ఒకడుగు వెనక్కి వేసింది. సెటో బొజ్జ నిండా గవర్నరు గారు నవ్వుతున్నారు. బొడ్డు దగ్గర ముక్కు, రొమ్ము ఎముక కింద జుట్టు, కుడిపక్కన చెవి. సెటో ఊపిరి తీసినప్పుడల్లా ఆయన బుగ్గలు పొంగుతున్నాయి.

"సెటో గారూ... ఏమిటిది?" అన్నాడు డాక్టర్ జెరిక్, కెమెరా వంక ఓరగా చూస్తూ.

"భక్తి, డాక్," అన్నాడు సెటో.

తీసేద్దామని నర్సు ఒక మూల పట్టుకుంది. గవర్నరు గారి నవ్వు కాస్త చిరిగేలా కనబడింది. నర్సు వదిలేసింది. లింగావన్లో నాసిరకం కానిది ఆ స్టిక్కర్ల జిగురొక్కటే. తుపానులకు ఇళ్ళు లేచిపోయినా గోడ మీద అవి ఉంటాయి.

జెరిక్ కత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఆపరేషనుకి నాలుగు రంధ్రాలు పెట్టాలి. ముక్కు మీద ఒకటి, జుట్టులో ఒకటి, చెవి పక్కన రెండు. ప్రొవిన్స్ అంతా చూస్తోంది. అతని ముఖంలో మొదట భయం, తర్వాత ఆలోచన, తర్వాత బతికి బయటపడ్డవాడి సంతోషం కనబడ్డాయి. కత్తి పళ్ళెంలో పెట్టి, సెటో చెవి దగ్గరికి వంగి, "మీ మేలు మర్చిపోను," అన్నాడు. మామగారికి ఫోన్ చేశాడు.

"పాపా, ఎక్కడ కోయమంటారు?"

అవతల గవర్నరు గారు లైవ్ చూస్తూనే ఉన్నారు. "కత్తి కిందికి వెళ్తూ కూడా నన్నే తలుచుకున్నాడు చూడు," అని ముందు మురిసిపోయారు. తర్వాత ఒక చెయ్యి తల మీద పెట్టుకుని ఆలోచనలో పడ్డారని అక్కడున్నవాళ్ళు చెప్పారు.

"ఇదివరకు నన్ను కోసిన మనిషి ఎక్కడుంది?"

"బాత్యావ్ దీవిలో, పాపా. టీకాలేస్తోంది."

"దాన్నే రప్పించు. ఆ పాపమేదో దాని ఖాతాలోనే పడనీ. మనింటివాడివి, నీకెందుకు?"

కోస్ట్ గార్డు పడవ సైరన్ వేసుకుంటూ వెళ్ళి సోలెదాద్‌ను తెచ్చింది. జుట్టంతా ఉప్పునీళ్ళు, చెప్పుల్లో ఇసుక. చేతులు కడుక్కుని వచ్చి, సెటో బొజ్జను చూసింది, సెటో ముఖం చూసింది. పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

"లైవ్ ఆపారా?"

"ఆపాం డాక్," అంది నర్సు.

సోలెదాద్ స్టిక్కరు మూల పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఆపరేషన్ మొత్తంలో నొప్పి తెలిసింది ఆ ఒక్క క్షణమేనని సెటో ఇప్పటికీ చెప్పుకుంటాడు.

* * *

మర్నాడు పత్రికల్లో 'నంబర్ వన్ సర్జన్ పర్యవేక్షణలో విజయం' అని వచ్చింది. పర్యవేక్షించింది నిజమే. జెరిక్ ఆపరేషన్ అయ్యేదాకా కుర్చీలో కూర్చుని అడుగడుగునా 'భలే, భలే' అన్నాడు. సోలెదాద్‌ను అదే పడవలో దీవికి పంపించేశారు.

ఆ వారమే హాస్పిటల్‌కి ఒక బెస్తవాడు అపెండిక్స్ నొప్పితో వచ్చాడు. దుప్పటి తీస్తే బొజ్జ మీద గవర్నరు గారు. మళ్ళీ పడవ వెళ్ళింది. తర్వాత ఒక టీచరు. తర్వాత కవల పిల్లల తల్లి. పురింగ్ కొట్లో సబ్బుల పక్కన స్టిక్కర్లు పెట్టింది. కొన్నవాళ్ళు దేనికో చెప్పలేదు, ఆవిడా అడగలేదు. కొన్నాళ్ళకి మేయరు గారు తమ శ్రీమతిని తీసుకొచ్చారు. ఆవిడకు రెండు స్టిక్కర్లు, ఎందుకైనా మంచిదని. బిషప్ గారికి హెర్నియా వచ్చినప్పుడు మాత్రం కాస్త తటపటాయించారట. చివరికి చిన్న సైజు అంటించుకున్నారు.

కోస్ట్ గార్డువాళ్ళు దొంగల్ని పట్టుకోవడం మానేసి సోలెదాద్‌ను తెచ్చి దించడంతోనే సరిపెట్టుకున్నారు. ఆమె మాత్రం దీవి ఉద్యోగిగానే ఉంది. మరుసటి ఏడు పరీక్ష మళ్ళీ పెట్టారు, ప్రొఫెసర్ ఉబాల్దో మళ్ళీ వచ్చారు, ఆమెకు మళ్ళీ ఏడో ర్యాంకే వచ్చింది.

గవర్నరు గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "ప్రజల గుండెల్లో ఉన్న నాయకుల్ని చాలామందిని చూశాం," అని ప్రతి సభలోనూ చెప్పారు. "ప్రజలు తమ కడుపున పెట్టుకున్న నాయకుణ్ణి చూశారా ఎక్కడైనా?" ఇంకో లక్ష స్టిక్కర్లు అచ్చేయించారు. ఈసారి జుట్టు ఇంకాస్త ఎత్తుగా.

ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఒకరోజు మధ్యాహ్నం, విందు ముగిశాక, గవర్నరు గారు సెటోని గదిలోకి పిలిచి తలుపు గడియ వేయమన్నారు. ముఖం పాలిపోయి ఉంది. నుదుటి మీద చెమట జుట్టు అంచు దాకా వచ్చి అక్కడ ఆగింది. కుడి చెయ్యి పక్కటెముకల కింద అదిమిపెట్టుకుని ఉంది.

సెటోకి ఆ చెయ్యి బాగా పరిచయమే. "ఎన్నాళ్ళ నుంచి గవ్?"

"తట్టుకోలేకపోతున్నాను రా. బయట పత్రికలవాళ్ళున్నారు. జెరిక్ అప్పుడే థియేటర్ సిద్ధం చేయించాడట. మనీలా వెళ్తే..." అని ఆగారు.

"జనం ఏమనుకుంటారు గవ్," అన్నాడు సెటో.

గవర్నరు గారు తలూపారు. తలుపు వంక ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించారు. "సెటో, ఆ స్టిక్కర్లు... లక్ష అచ్చేయించాను కదా. నా దగ్గర ఒక్కటీ లేదు."

సెటో సొరుగు తెరిచాడు. "పెద్ద సైజా, చిన్నదా గవ్?"

గవర్నరు గారు అప్పటికే చొక్కా గుండీలు విప్పుకుంటున్నారు.

"పెద్దదే," అన్నారు. "గట్టిగా అంటించు."